ఏడో అధ్యాయం: ‘స్ట్రక్చరు, ఫిట్టింగులు – ఒక లాటు’

ఇంటి మీద సోలార్ పెట్టించుకుందామని తెప్పించుకున్న కొటేషన్ కాగితం ఒకసారి బయటికి తీయండి. మూడు కిలోవాట్లదే అనుకుందాం. సూర్యఘర్ పథకం కింద ఇచ్చే 78,000 రూపాయల సబ్సిడీ పూర్తిగా అందేది అక్కడి నుంచే కదా. ప్యానెళ్ళ దగ్గర కంపెనీ పేరు, వాట్లు, పాతికేళ్ళ వారంటీ రాసి ఉంటాయి. ఇన్వర్టర్‌కి పేరూ, మోడల్ నంబరూ ఉంటాయి. వైరుకి కూడా బ్రాండు రాస్తారు. ఇంకా కిందికి వెళ్తే ఒక వరస కనిపిస్తుంది: ‘స్ట్రక్చరు, ఫిట్టింగులు – ఒక లాటు’. ఏ మందం, ఏ గ్రేడు, ఏ పూత అన్న మాటే ఉండదు.

ఈ అధ్యాయమంతా ఆ ఒక్క వరస గురించే.

పాతికేళ్ళపాటు ప్యానెళ్ళని గాలికి ఎగిరిపోకుండా పట్టుకోవలసింది ఆ వరసలో ఉన్న సామానే. అయినా కొనేవాళ్ళు దాని గురించి అడగరు. చదువుకున్నవాళ్ళూ అడగరు, ఇల్లు కట్టేటప్పుడు సిమెంటు బస్తా మీద తేదీ చూసి మరీ కొన్నవాళ్ళూ అడగరు. పెట్టేవాడు వియ్యంకుడి ఊరి కుర్రాడై ఉంటాడు, లేదా బ్యాంకులో తెలిసినాయన చెప్పి పంపిన మనిషై ఉంటాడు. రెండు లక్షల దగ్గర బేరం తెగ్గొట్టుకున్నాక, టీ ఇచ్చి కూర్చోబెట్టిన మనిషిని బోల్టు సంగతి అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది. ధైర్యం చేసి అడిగినా వచ్చే జవాబు ఇలా ఉంటుంది:

“అదేటండి మాస్టారూ, స్టీలు బోల్టులే ఏత్తన్నాం. స్టీలుకి తుప్పెందుకు పడతాది?”

అతను అబద్ధం చెప్పడం లేదు. అతనికి చెప్పినవాళ్ళు అలాగే చెప్పారు. కాబట్టి ముందు మనం తెలుసుకోవాలి. తెలిసినవాడు అడిగితే అది తగువులా ఉండదు, మాటలా ఉంటుంది.

మన గాలిలో ఏముంది

రాష్ట్రంలోనే పొడవైన తీరం శ్రీకాకుళం జిల్లాది, సుమారు 193 కిలోమీటర్లు. విజయనగరానికి భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లో ఉన్నది 28 కిలోమీటర్ల దాకా. ఇచ్ఛాపురం వైపు నుంచి ముక్కాం దాకా చాలా మేర అలలు నేరుగా ఇసుక మీద వచ్చి విరుగుతాయి. అల విరిగినప్పుడు లేచే తుంపరలో నీరు గాలిలోనే ఆరిపోయి ఉప్పు మిగులుతుంది. మధ్యాహ్నం సముద్రం మీంచి గాలి మళ్ళగానే ఆ ఉప్పు ఊళ్ళోకి వస్తుంది. నౌపడ ఉప్పుమడుల్లో కుప్పలుగా కనిపించేది, బారువలోనో కళింగపట్నంలోనో మేడ మీద కంటికి కనపడకుండా పేరుకుంటుంది. నమ్మకం లేకపోతే తీరం ఊళ్ళలో కిటికీ ఊచలు, తలుపు గొళ్ళేలు ఎన్నేళ్ళకోసారి మారుస్తున్నారో అడిగి చూడండి.

స్టెయిన్‌లెస్ స్టీలుని తుప్పు నుంచి కాపాడేది దాని గట్టిదనం కాదు. అందులో కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉంటుంది. అది ఆక్సిజన్‌తో కలిసి పైన ఒక పొర కడుతుంది. కొన్ని నానోమీటర్ల పొర, అంతే. గీత పడినా గాలి తగిలితే తనంతట తానే మళ్ళీ కట్టుకుంటుంది. ఉప్పులో ఉండే క్లోరైడు ఆ పొరని అక్కడక్కడ పొడుస్తుంది. పొడిచిన చోట సూదిమొనంత గుంట పడుతుంది. గుంట లోపలికి గాలి సరిగ్గా అందదు కాబట్టి అక్కడ పొర మళ్ళీ కట్టుకోదు, గుంట లోతవుతూ పోతుంది. అమ్మమ్మలకి క్లోరైడు పేరు తెలియకపోయినా ఆవకాయని జాడీలోనే పెట్టారు. కల్లుప్పు పోసి ఏడాదిపాటు మూత పెట్టి ఉంచిన స్టీలు డబ్బా అడుగుని వేలితో తడిమితే ఎందుకో తెలుస్తుంది.

ఇంకో సంగతి చాలామందికి వింతగా ఉంటుంది. సోలార్ సామానులో ముందు పాడయ్యేది ఎండకీ వానకీ తిన్నగా ఎదురుగా ఉన్న భాగం కాదు, ప్యానెల్ కింద నీడలో దాక్కున్నది. పైనున్న బోల్టు తలని ప్రతి వానా కడుగుతుంది. కింద నట్టుకి, క్లాంపు సందుకి, వాషరు చాటుకి వాన అందదు, ఉప్పు మాత్రం అందుతుంది. సముద్రపు ఉప్పులో మామూలు ఉప్పుతోపాటు మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితేగాని నీరుకారదు. మెగ్నీషియం క్లోరైడుకి 33 శాతం చాలు. మన ఒడ్డున గాలిలో తేమ అంతకన్నా కిందికి దిగడం అరుదు. అంటే చుక్క వాన లేని మార్చిలో కూడా నట్టు చాటున పలచటి ఉప్పునీటి పొర ఉంటుందన్నమాట. పగలు ప్యానెల్ వేడికి అది చిక్కబడుతుంది, రాత్రి మంచుకి మళ్ళీ తడుస్తుంది.

ఆస్ట్రేలియాలో స్టెయిన్‌లెస్ స్టీలు వాళ్ళు ఈ తొలి దశకి ‘టీ మరక’ అని పేరు పెట్టారు. టీ ఒలికినట్టు గోధుమరంగు మరక పడుతుంది కాబట్టి. అలలు విరిగే చోటి నుంచి 5 కిలోమీటర్ల లోపు అది ఎక్కువగా వస్తుందనీ, గాలి, వేడి, కాలుష్యం తోడైతే 20 కిలోమీటర్ల అవతల కూడా కనిపించవచ్చనీ వాళ్ళ లెక్క. ఈ రెండో అంకె విజయనగరం టౌన్ వాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. మనకి సముద్రం లేదు కదా అనుకోవడం వాళ్ళకి అలవాటు.

మూడు అంకెలు

బజారులో ‘స్టీలు బోల్టు’ అన్న పేరు మీద మూడు రకాలు దొరుకుతాయి. 202, 304, 316. మెరుపులో తేడా ఉండదు. కొత్తగా ఉన్నప్పుడు పక్కపక్కన పెట్టినా ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను.

304లో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దాకా ఉంటాయి. 316లో నికెల్ ఇంకొంచెం ఎక్కువ, దానితోపాటు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం. ఉప్పుకి ఎదురు నిలిచేది ముఖ్యంగా ఈ మాలిబ్డినమే. 202 కథ వేరు. 1950లలో నికెల్ కరవుగా ఉన్న రోజుల్లో, ఖరీదైన నికెల్‌లో కొంత తీసేసి మాంగనీసు వేసి ఈ 200 వరస స్టీళ్ళని అమెరికాలో వాడకంలోకి తెచ్చారు. మాంగనీసు మనకి కొత్తది కాదు. దేశంలో మాంగనీసు గనుల తవ్వకం 1890లలో మొదలైంది విజయనగరం ప్రాంతంలోనే. గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ వెలిసిందీ ఆ ఖనిజం మీదే. మాంగనీసు చెడ్డ లోహం అని నేను అనడం లేదు. మెట్ల రెయిలింగుకీ, వంటింటి స్టాండుకీ 202 సరిపోతుంది. భావనపాడులో మేడ మీద ప్యానెల్ కింద దానికి పని లేదు.

అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుందని కొందరు చెబుతారు. నమ్మకండి. 202కీ అయస్కాంతం అంటుకోదు, 304కీ అంటుకోదు. పైగా అసలైన 304 బోల్టుకే తయారీలో సాగదీసి తల కొట్టేటప్పుడు కాస్త అయస్కాంత గుణం వస్తుంది. అంటే ఈ పరీక్షలో నకిలీది నెగ్గి నిజమైనది ఓడిపోవచ్చు. చూడవలసింది బోల్టు తల. మంచి తయారీదారు తల మీద తన గుర్తు, దాని పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో ఎ2-70 అనో ఎ4-70 అనో ముద్ర వేస్తాడు. ఎ2 అంటే 304 జాతి, ఎ4 అంటే 316 జాతి. ఏ ముద్రా లేని నున్నటి తల కనిపిస్తే అది ఏమైనా కావచ్చు. ముద్రని కూడా గుడ్డిగా నమ్మలేం కాబట్టి బిల్లు మీద గ్రేడు రాయించుకోవాలి.

ఎక్కడ ఏది వాడాలి అంటే నా మాట ఇది. అలల చప్పుడు వినిపించే ఊళ్ళలో, అంటే కళింగపట్నం, బారువ, భావనపాడు, కోనాడ, ముక్కాం లాంటి చోట్ల ప్యానెల్‌ని పట్టుకునే ప్రతి బోల్టూ 316 కావాలి. అక్కడ 304 పెట్టి పొదుపు చేయడం అవివేకం. ఒడ్డు నుంచి 5 కిలోమీటర్ల దాకా కూడా నేను 316కే ఓటు వేస్తాను. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలకి ముద్ర ఉన్న నిజమైన 304 చాలు, ఏడాదికోసారి కడగగలిగితే. రాజాం, పాలకొండ, బొబ్బిలి, సాలూరు వాళ్ళకి 316 అమ్మజూపితే నవ్వి ఊరుకోండి. ఆ డబ్బు స్ట్రక్చరు మందం మీద పెట్టుకోండి. పూసపాటిరేగ, భోగాపురం ఒడ్డున రొయ్య పిల్లల హేచరీల షెడ్ల మీద పెట్టించుకునేవాళ్ళు మాత్రం ఇంకాస్త జాగ్రత్తపడాలి. అక్కడ సముద్రపు గాలికి తోడు బ్లీచింగు వాడకం ఉంటుంది, ఉప్పు ఒక వైపు నుంచి, క్లోరిన్ ఇంకో వైపు నుంచి వస్తాయి.

ఇంతా చేసి ఖర్చు ఎంత? ఆరు ప్యానెళ్ళు ఒకే వరసలో రెండు రెయిళ్ళ మీద పెడితే చివరి క్లాంపులు 4, నడిమి క్లాంపులు 10. క్లాంపులు లేకుండా ఫ్రేము రంధ్రాల్లోంచి బోల్టు వేస్తే ప్యానెల్‌కి 4 చొప్పున 24. స్ట్రక్చరు జాయింట్లవి కలిపినా లెక్క పెద్దగా పెరగదు. గ్రేడు తేడా బోల్టుకి కొన్ని రూపాయలు. రెండు లక్షల పనిలో అది ఎవరికీ బరువు కాదు, అయినా ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ పెట్టరు.

బోల్టు మంచిదైనా

గ్రేడు ఒక్కటీ గట్టిగా పట్టుకుంటే సరిపోదు. తరచు జరిగేది ఏమిటంటే బోల్టు స్టీలుది, నట్టు స్టీలుది, మధ్యలో స్ప్రింగు వాషరు మాత్రం జింకు పూత పూసిన ఇనుపది. దుకాణంలో ఆ పూట స్టీలు వాషర్లు అయిపోయి ఉంటాయి. కొత్తలో అదీ తెల్లగానే మెరుస్తుంది. ఆ ఎలక్ట్రో పూత మందం ఐదు నుంచి పది మైక్రాన్లు. ఉప్పు ఎక్కువగా ఉన్న తీరంలో జింకు ఏటా 4 నుంచి 8 మైక్రాన్ల దాకా కరుగుతుందని ఐఎస్ఓ 9223 ప్రమాణం లెక్క. ఒకటి రెండేళ్ళలో వాషరు ఎర్రబడుతుంది. ఆ ఎరుపు కారి స్టీలు బోల్టు మీద పడితే మనం బోల్టునే తిట్టుకుంటాం. అదే లెక్కన స్ట్రక్చరుకి వేడి జింకులో ముంచిన 80 మైక్రాన్ల పూత ఉంటే పది నుంచి ఇరవై ఏళ్ళ దాకా కాపాడుతుంది. అందుకే ‘జీఐ’ అన్న రెండక్షరాలతో ఊరుకోకుండా ‘హాట్ డిప్, 80 మైక్రాన్లు’ అని రాయించుకోవాలి.

ఆ మంచి పూతని కూడా మేడ మీదే పాడు చేసుకుంటాం. కాలు పొడుగైందని గ్రైండరుతో కోస్తారు, జాయింటు కుదరలేదని వెల్డింగు పెడతారు. కోసిన చోటా వెల్డింగు పెట్టిన చోటా జింకు ఉండదు. అక్కడ జింకు పెయింటు రెండు కోట్లు పడాలి. మామూలు వెండిరంగు పెయింటు పూసి మెరిపిస్తే కంటికి బాగుంటుంది, లోపల తుప్పు తన పని చేసుకుంటుంది. గ్రైండరు నిప్పురవ్వల సంగతీ ఉంది. అవి ఇనుప రేణువులు. పక్కనున్న స్టీలు బోల్టు మీద పడి అతుక్కుని వారంలో ఎర్రటి చుక్కలవుతాయి.

ప్యానెల్ ఫ్రేము అల్యూమినియంది. అల్యూమినియానికీ స్టీలుకీ మధ్య ఉప్పునీరు చేరితే అరిగిపోయేది అల్యూమినియమే. ఫ్రేము పెద్దది, బోల్టు చిన్నది కాబట్టి ఈ జోడీ మామూలుగా ప్రమాదం తేదు. ఒడ్డున మాత్రం బోల్టు చుట్టూ తెల్లటి పొడి కనిపించడం మొదలవుతుంది. మధ్యలో ఈపీడీఎం రబ్బరు వాషరు పెడితే ఆగుతుంది. తిరగేసి చేస్తే, అంటే పెద్ద స్టీలు పట్టీకి చిన్న అల్యూమినియం రివెట్టు కొడితే, ఆ రివెట్టు ఎక్కువ కాలం బతకదు.

ఇక పని చేసే కుర్రాళ్ళకి తప్పకుండా చెప్పవలసినది బిగింపు గురించి. స్టీలు నట్టుని డ్రిల్లు మిషనుతో జోరుగా తిప్పితే మరలు రాపిడికి వేడెక్కి ఒకదాన్నొకటి కరిచేస్తాయి. నట్టు మధ్యలోనే ఆగిపోతుంది. బిగిసిందనుకుని దిగిపోతారు, నిజానికి ప్యానెల్ వదులుగానే ఉంటుంది. చేత్తో, పానాతో నెమ్మదిగా తిప్పాలి. మరకి కాస్త యాంటీ సీజ్ పేస్టు రాయాలి. చివరి బిగింపు టార్కు రెంచితో, ప్యానెల్ కంపెనీ కాగితంలో ఇచ్చిన అంకెకి రావాలి.

అడగడం ఎలా

ఇప్పుడు మొహమాటం దగ్గరికి వద్దాం. మీకు సంగతి తెలిసింది. అయినా ఆ కుర్రాడు ఎదురుగా కూర్చున్నప్పుడు నోరు పెగలదు. దానికి నేను చెప్పే మందు సులువైనది: మనిషిని అడగకండి, కాగితాన్ని అడగండి. “నువ్వు మంచి బోల్టు వేస్తావా?” అంటే అతని నిజాయితీని శంకించినట్టు ఉంటుంది. అతను “ఏత్తానండి” అంటాడు, మాట అక్కడితో అయిపోతుంది. అదే ఇలా అడిగి చూడండి:

“బాబూ, నీ పని మీద నాకేటీ అనుమానం లేదు. రేపు నా తమ్ముడూ పెట్టించుకుంటానంటన్నాడు, ఆడికి సూపించాల. ఆ ‘లాటు’ అన్న కాడ బోల్టు గ్రేడేటో, పూత మందం ఎంతో రాసిచ్చెయ్, సాలు.”

రెండు అంకెలు రాయడానికి ఎవరికీ పౌరుషం అడ్డురాదు. రాసినవాడు ఆ అంకెలకి కట్టుబడతాడు. రాయనివాడి గురించి మీకు కావలసింది తెలిసిపోయినట్టే. అడిగే సమయం కూడా ముఖ్యం. అడ్వాన్సు ఇవ్వకముందు అడిగితే అది విచారణ, ప్యానెళ్ళు మేడెక్కాక అడిగితే అది పేచీ. సామాను దిగిన రోజు ఒక బోల్టు, ఒక నట్టు, ఒక వాషరు చేతిలోకి తీసుకుని తల మీద ముద్రతో ఫోటో తీసుకోండి. “పిల్లాడు ఇంజనీరింగు, వాడికి పంపాలి” అనండి. మన వైపు ఇంటికొక ఇంజనీరింగు కుర్రాడు ఎలాగూ ఉంటాడు, అబద్ధం కూడా కాదు.

ప్రభుత్వ పథకంలో వచ్చిందనో సబ్సిడీ సొమ్మనో నోరు మూసుకోనక్కర లేదు. సబ్సిడీ మీ పేరున వచ్చింది, మేడ మీది, గాలివాన వస్తే ఎగిరేదీ మీ ఇంటి మీంచే.

గాలివాన మాట వచ్చింది కాబట్టి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర గులాబ్. మన మేడలు ఎదుర్కొన్న పేర్లు ఇవి. తిత్లీ గాలి గంటకి 140 నుంచి 150 కిలోమీటర్లు, ఉండుండి 165 దాకా లేచింది. ఉద్దానం కొబ్బరి ఏమైందో మీలో చాలామంది కళ్ళారా చూశారు.

భవనాల మీద గాలి లెక్కకి మన దేశంలో ఐఎస్ 875 మూడో భాగం ప్రమాణం. అందులో విశాఖపట్నానికీ, అటు భువనేశ్వర్‌కీ సెకనుకి 50 మీటర్లు రాశారు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. మనం ఆ రెండింటి మధ్యలో ఉన్నాం. ఆ వేగానికి గాలి ఒత్తిడి చదరపు మీటరుకి దాదాపు 150 కిలోలు. ఇప్పుడు వస్తున్న పెద్ద ప్యానెల్ విస్తీర్ణం రెండున్నర చదరపు మీటర్ల పైచిలుకు. మేడ ఎత్తు, వాలు, అంచుకి ఎంత దగ్గరలో ఉంది అన్నదాన్ని బట్టి మారుతుంది గాని, మోటుగా ఒక్కో ప్యానెల్ మీద 400 కిలోల దగ్గర బలం పడుతుంది.

భయపడకండి. ఎ2-70 ముద్ర ఉన్న 8 మిల్లీమీటర్ల బోల్టు ఒక్కటే టన్నున్నర పైగా లాగినా సాగదు. టీ మరక పడిన బోల్టు రేపు తెగిపోదు. ఆ మరక చూసి కంగారుపడి అన్నీ మార్పించేవాళ్ళున్నారు, అదీ దండగే. ఓడిపోయేది ఎక్కువగా బిగింపు. 2017లో ఇర్మా, మరియా తుపానులు కరీబియన్ దీవులని ఊడ్చేశాక అమెరికాలోని రాకీ మౌంటెన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు అక్కడ ఏ సోలార్ నిలిచింది, ఏది ఎగిరింది అని తిరిగి చూసి 2018లో ఒక నివేదిక వేశారు. రెండు ప్యానెళ్ళని కలిపి పట్టుకునే నడిమి క్లాంపుల దగ్గర ఒక ప్యానెల్ ఊడితే పక్కదీ పట్టు తప్పి వరసంతా లేచిపోయిందని అందులో తేలింది. ఫ్రేము రంధ్రాల్లోంచి బోల్టు వేసి బిగించాలనీ, గాలి అదురుకి వదులు కాని నట్లు వాడాలనీ వాళ్ళ సలహా. ఆ నట్లు మన హార్డ్‌వేరు షాపుల్లో నైలాక్ నట్టు అంటే ఇస్తారు. ఒడ్డున ఉన్నవాళ్ళకి నా ఓటు కూడా దీనికే.

స్టీలు నిజంగా తెగిపోయిన సంగతులూ ఉన్నాయి. 1985లో స్విట్జర్లాండ్‌లో ఊస్టర్ అనే ఊళ్ళో ఈతకొలను పైకప్పు కూలి 12 మంది చనిపోయారు. కట్టి పదమూడేళ్ళే అయింది. కాంక్రీటు సీలింగుని వేలాడదీసిన స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు క్లోరైడు వల్ల లోలోపల బీటలు వారి విరిగాయి. అవి సీలింగు పైన, ఎవరూ కడగని, ఎవరికీ కనపడని చోట ఉన్నాయి. ఎప్పుడూ లాగుడులో ఉన్న స్టీలుకి క్లోరైడూ వేడీ తోడైతే ఇలా జరగవచ్చు. మన ప్యానెల్ కింది బోల్టు ఆ కడ్డీ అంత బరువు మోయదు. అయినా కనపడని చోటే ముందు చూడాలని చెప్పడానికి ఇంతకన్నా పెద్ద కారణం నాకు దొరకలేదు.

మేడెక్కి ఏం చూడాలి

ఏడాదికి రెండుసార్లు చాలు. వానలు రాకముందు ఒకసారి, అక్టోబరు తుపాన్ల తర్వాత ఒకసారి. పొద్దున్నే, ప్యానెళ్ళు వేడెక్కకముందు వెళ్ళండి. ప్యానెల్ మీద కాలు పెట్టకండి, వైర్ల కనెక్టర్లని ముట్టుకోకండి. పగటి వెలుగు ఉన్నంతసేపు ఇన్వర్టర్ ఆపినా ప్యానెల్ వైర్లలో కరెంటు ఉంటుంది. ఫోను కెమెరాని ప్యానెల్ కిందికి పెట్టి ఫోటోలు తీస్తే వంగి చూడక్కర లేదు.

గోధుమరంగు మరక ఒక్కటే ఉంటే కడిగితే పోతుంది. మరక కింద వేలికి గరుకుగా గుంటలు తగిలితే ఆ బోల్టు మార్చాలి. వాషరు ఎర్రబడితే వాషరు మార్చాలి. అల్యూమినియం మీద తెల్లపొడి ఉంటే రబ్బరు అడగండి. నట్టు వదులైందో లేదో కంటితో తెలియదు కాబట్టి పెట్టిన రోజే ఒక పని చేయించుకోండి. బిగించాక నట్టు మీంచి కిందనున్న ఛానల్ మీదికి కలిసేలా పెయింటు మార్కరుతో ఒక గీత గీయించండి. ఎప్పుడైనా గీత రెండు ముక్కలై పక్కకి జరిగితే నట్టు తిరిగినట్టు. ఇరవై రూపాయల మార్కరుతో వచ్చే ఈ సుఖం ఏ యాప్‌లోనూ లేదు.

కడగడానికి మంచినీళ్ళు కావాలి. ఒడ్డు ఊళ్ళలో బోరు నీరు చాలాచోట్ల ఉప్పగా ఉంటుంది. దానితో ప్యానెళ్ళు కడిగితే ఉప్పు తీయడానికి వెళ్ళి ఉప్పు పెట్టి వచ్చినట్టే. తాగే నీళ్ళు రెండు బిందెలు మోసుకెళ్ళండి. కష్టమే గాని, వాన అందని కింది భాగాలకి సరిపోతాయి. మరకకి సబ్బునీళ్ళు, మెత్తటి గుడ్డ. పోకపోతే నిమ్మఉప్పు కలిపిన నీళ్ళతో తుడిచి వెంటనే కడిగేయండి. గిన్నెలు తోమే ఇనుప పీచు ముట్టించకండి, దాని తునకలే కొత్త తుప్పుకి విత్తనాలు. ఇక అన్నిటికన్నా పెద్ద తప్పు బాత్రూము యాసిడు. మేడ మీద నాచు పోవాలని యాసిడు పోస్తారు, లేకపోతే బ్లీచింగు చల్లుతారు. ఆ యాసిడు హైడ్రోక్లోరిక్ ఆమ్లం. సముద్రం పదేళ్ళలో చేసే పని ఆ ఆవిరి ఒక్క పూటలో మొదలుపెడుతుంది. ప్యానెళ్ళు పెట్టాక మేడ మీద ఆ రెండూ మానేయండి. ఇంట్లో పనిచేసేవాళ్ళకీ ఈ సంగతి చెప్పండి.

ఇప్పటికే పెట్టించేసుకున్నాం, ఇప్పుడేం చేయమంటారు అని అడిగేవాళ్ళకి: సూర్యఘర్ పథకంలో పెట్టినవాళ్ళే ఐదేళ్ళు నిర్వహణ చూడాలి. అది మీకు పెట్టేవాడు చేసే ఉపకారం కాదు, ఒప్పందంలో ఉన్న మాట. మీ మీటరు బిగించిన తేదీ చూసి ఐదేళ్ళు ఎప్పుడు నిండుతాయో క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. దానికి ఆర్నెల్ల ముందు మేడెక్కి ప్రతి బోల్టుకీ ఫోటో తీసి, ఎర్రబడినవి మార్చమని రాతపూర్వకంగా అడగండి. ఫోనులో చెప్పి ఊరుకోకండి.